పాలపళ్ళు చెప్పిన సాక్ష్యం



మన ఇళ్ళల్లో పిల్లవాడికి పాలపన్ను ఊడితే ఏం చేస్తాం? కాస్త పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరి రమ్మంటాం. కొత్త పన్ను చక్కగా వస్తుందని పెద్దవాళ్ళ మాట. పట్నాలలో పేడా కరువే, పెంకుటిల్లూ కరువే గనుక చాలామంది ఆ పన్నును చెత్తబుట్టలో పారేసి ఊరుకుంటున్నారు. అటువంటి పాలపళ్ళను ఒక అమెరికన్ డాక్టరు గారు వేల సంఖ్యలో పోగుచేశారు. ఆ పళ్ళను పరీక్షించి, పసివాళ్ళ మెదడును చడీచప్పుడూ లేకుండా తినేస్తున్న ఒక విషాన్ని పట్టి ఇచ్చారు. ఆయన పేరు హెర్బర్ట్ నీడిల్‌మన్. ఆయన పట్టుకున్న విషం సీసం.

సీసం అంటే మనకు ముందు గుర్తుకొచ్చేది పద్యం. ఆ సీసం వల్ల ఎవరికీ హాని లేదు! నేను చెప్పేది సీసం అనే లోహం గురించి. బరువుగా, మెత్తగా వుంటుంది. తక్కువ వేడికే కరుగుతుంది, చెప్పినట్టు వంగుతుంది, త్వరగా చెడిపోదు. అందుకే మనిషి దాన్ని వేల ఏళ్ళుగా వాడుతున్నాడు. నీటి గొట్టాలు చేశాడు. తలుపులకూ కిటికీలకూ వేసే రంగుల్లో కలిపాడు. 1920ల నుంచి మోటారుకార్ల పెట్రోలులో కూడా కలపడం మొదలుపెట్టాడు. ఇంజను చప్పుడు చేయకుండా నడవడానికట! ఇంజను చప్పుడు తగ్గింది గాని, దాని పొగ వెంట సన్నని సీసం ధూళి ఊళ్ళ మీదా, వీధుల మీదా, ఆడుకునే పిల్లల చేతుల మీదా అరవై, డెబ్భై ఏళ్ళ పాటు రాలింది.

సీసం విషమని పూర్వం తెలియదా అంటే, తెలుసు. సీసం పని చేసే కార్మికులకు కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుందనీ, మణికట్లు పడిపోతాయనీ, మతి చెడుతుందనీ వైద్యులకు చాలా కాలంగా తెలుసు. నీడిల్‌మన్ కూడా వయసులో వుండగా న్యూజెర్సీలో, పెట్రోలులో కలిపే సీసం తయారుచేసే ఒక కర్మాగారంలో కొన్నాళ్ళు కూలిపని చేశారు. ఆ సీసం గాలి పీల్చిన కొందరు కార్మికులు లేని పురుగులను వున్నట్టు భ్రమపడి గాలిలో చేతులు విసిరేవారట. అందుకని అక్కడి ఒక భవనానికి ‘సీతాకోకచిలుకల ఇల్లు’ అని పేరే పడిపోయింది. వినడానికి అందంగా వున్న ఈ పేరు వెనక ఎందరి బతుకులు ఆరిపోయాయో చూడండి.

కనుక ఎక్కువ సీసం లోపలికి పోతే మనిషి చెడిపోతాడన్నది పాత సంగతే. కొంచెం పోతే? అప్పుడు ఏమీ కాదనేవారు. మూర్ఛలు వచ్చి ఆస్పత్రిలో పడ్డ పిల్లవాడికి మాత్రమే సీసం విషం ఎక్కిందనేవారు. వైద్యంతో బతికి ఇంటికి వెళితే నయమైపోయిందని రాసుకునేవారు. పైకి జబ్బు కనిపించని పిల్లవాడికి ఏ లోటూ లేదని అందరి నమ్మకం. ఆ నమ్మకమే తప్పని నీడిల్‌మన్ రుజువు చేశారు.

ఆయన 1927లో పుట్టారు. ఫిలడెల్ఫియా నగరంలో పిల్లల వైద్యులుగా వున్న కొత్తల్లో సీసం విషం ఎక్కిన ఒక చిన్నపిల్లను ఆస్పత్రికి తెచ్చారు. వైద్యంతో పిల్ల కోలుకుంది. వాళ్ళది పేదల పేటలో పాత ఇల్లు. గోడలకు వేసిన సీసపు రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతూ వుండేది. మళ్ళీ ఆ ఇంటికే వెళితే మళ్ళీ విషమెక్కి పిల్ల దక్కదని, ఇల్లు మారమని డాక్టరు గారు తల్లికి చెప్పారు. దానికి ఆ తల్లి, నేను అద్దె ఇవ్వగలిగిన ఇళ్ళన్నీ ఇలాంటివే కదా, ఎక్కడికి పోయేది అన్నదట. ఆ ప్రశ్న తనను జీవితమంతా వెంటాడిందని ఆయన తరువాత చాలాసార్లు చెప్పుకున్నారు. మందు రాసివ్వడం ఒక్కటే తన పని కాదని ఆయనకు అప్పుడే అర్థమైంది.

పైకి ఆరోగ్యంగా వున్న పిల్లల ఒంట్లో ఎంత సీసం చేరిందో తెలుసుకోవడం ఎలా? రక్తం పరీక్ష చేయవచ్చు. కాని రక్తం చెప్పేది ఈ మధ్య కొద్ది వారాల సంగతే. నెల, రెండు నెలలు గడిస్తే సీసం చాలావరకు రక్తాన్ని వదిలి ఎముకల్లోకి వెళ్ళి దాక్కుంటుంది. సీసానికి ఒక మాయగుణం వుంది. మన ఒంటికి అది సున్నంలాగా, అంటే కాల్షియంలాగా కనిపిస్తుంది. ఒళ్ళు మోసపోయి, ఎముకకూ పంటికీ పంపవలసిన కాల్షియంతో పాటు దీన్ని కూడా పంపుతుంది. అక్కడ అది ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చుంటుంది. ఎముక కోసి చూడలేం కదా! పాలపన్ను అయితే తనంతట తానే ఊడి చేతిలో పడుతుంది. పసితనంలో పిల్లవాడు ఎంత సీసం తిన్నాడో, ఎంత పీల్చాడో ఆ చిన్న పన్నులో చిట్టా రాసినట్టు వుంటుంది. ఎవరికీ అక్కరలేని పన్ను అలా సాక్ష్యం చెప్పడానికి వచ్చింది.

ముందు ఫిలడెల్ఫియాలోనే పళ్ళు సేకరించి చూశారు. నగరం నడిబొడ్డున పాత ఇళ్ళల్లో పెరిగిన పిల్లల పళ్ళలోనూ, ఊరి వెలుపల పెరిగిన పిల్లల పళ్ళలోనూ సీసం కొలిచారు. నగరం పిల్లల పళ్ళలో అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ఫలితాలు 1972లో అచ్చయ్యాయి. ఈ పిల్లలెవరికీ జబ్బు లేదు. అందరూ బడికి పోతున్నవాళ్ళే, ఆడుకుంటున్నవాళ్ళే.

ఆ తరువాత బోస్టన్ పక్కన చెల్సీ, సోమర్‌విల్ అనే రెండు ఊళ్ళు ఎంచుకున్నారు. ఒకటో తరగతీ, రెండో తరగతీ చదివే పిల్లలను ఊడిన పళ్ళు తెచ్చి ఇవ్వమన్నారు. పిల్లవాడు తెచ్చిన పన్ను వాడిదో, అన్నదో తెలియాలి కదా! అందుకని ఉపాధ్యాయులు నోరు తెరవమని, కొత్తగా పన్ను ఊడిన సందు వుందో లేదో చూసి మరీ తీసుకున్నారు. మొత్తం 3,329 మంది పిల్లల్లో 2,335 మంది పళ్ళు ఇచ్చారు. వాటి నుంచి సీసం బాగా ఎక్కువ వున్న పిల్లలను 58 మందినీ, బాగా తక్కువ వున్న పిల్లలను 100 మందినీ ఎంచి, తెలివితేటలకూ, మాటలకూ, వినికిడికీ, నిలకడకూ ఎన్నో పరీక్షలు పెట్టారు. పరీక్షలు పెట్టినవారికి ఏ పిల్ల పంట్లో ఎంత సీసం వుందో చెప్పలేదు. తల్లిదండ్రుల చదువు, సంపాదన, తల్లి తెలివితేటలు, కాన్పు నాటి సంగతులు, ఇలా సీసం కాని విషయాలు కూడా 39 లెక్కలోకి తీసుకున్నారు. పేదరికం వల్ల వచ్చిన తేడాను సీసం మీదికి నెట్టకూడదు కదా.

1979 మార్చిలో ఫలితాలు ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చాయి. పళ్ళలో సీసం ఎక్కువ వున్న పిల్లలకు తెలివితేటల లెక్కలో సగటున నాలుగున్నర పాయింట్లు తక్కువ వచ్చాయి. మాట విని అర్థం చేసుకోవడంలోనూ, చేస్తున్న పని మీద మనసు నిలపడంలోనూ కూడా వాళ్ళు వెనకబడ్డారు.

అన్నింటికన్న నన్ను కదిలించింది ఉపాధ్యాయులు చెప్పిన సంగతి. రెండు వేల మందికి పైగా పిల్లల గురించి, వాళ్ళ పళ్ళలో ఏముందో తెలియని ఉపాధ్యాయులను కొన్ని ప్రశ్నలు అడిగారు. పిల్లవాడి మనసు తేలిగ్గా పక్కకు పోతుందా? మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తాడా? కుదురుగా కూర్చోడా? ఊరికే విసుగు పడతాడా? పగటికలలు కంటాడా? చెప్పిన చిన్న పని చెయ్యలేడా? ఇలా పదకొండు ప్రశ్నలు. పంట్లో సీసం పెరిగిన కొద్దీ, మెట్టు మెట్టుగా, ‘అవును’ అన్న జవాబులు పెరుగుతూ వచ్చాయి.

ఈ ప్రశ్నలు వింటుంటే మీకేమనిపిస్తోంది? ఇవి మనం రోజూ మన ఇళ్ళల్లో వాడే తిట్లే! ‘ఒకచోట కుదురుగా కూర్చోడు.’ ‘ధ్యాస ఎక్కడో వుంటుంది.’ ‘చెప్పింది చెవికెక్కదు.’ ‘మొద్దు.’ బడిలో మాస్టరుగారు అంటారు, ఇంట్లో మనం అంటాం, చివరికి పిల్లవాడే తనను తాను అనుకోవడం మొదలుపెడతాడు. పిల్లవాడి స్వభావమనీ, తల్లి పెంపకమనీ, నుదుటి రాతనీ లోకం తీర్పు చెప్పేసిన సంగతిలో ఒక లోహానికి కూడా వాటా వుందని ఆ పాలపళ్ళు చెప్పాయి.

నాలుగు పాయింట్లే కదా, అదేమంత అని కొందరన్నారు. వందమంది పిల్లలున్న బడి అనుకోండి. అందరూ తలా కొంచెం వెనక్కి జరిగితే, నడుమ వున్నవాళ్ళలో తేడా కనిపించదు. కాని అంచున తడబడుతూ నెట్టుకొస్తున్న పిల్లలు పడిపోతారు. పైన మెరిసే పిల్లలు తగ్గిపోతారు. సరిగ్గా అలాగే జరిగింది. అంతేకాదు, పదకొండేళ్ళ తరువాత ఆ పిల్లల్లో 132 మందిని వెతికి పట్టుకుని మళ్ళీ పరీక్షించారు. పాలపళ్ళలో సీసం ఎక్కువ వున్నవాళ్ళలో బడి చదువు మధ్యలో మానేసే ముప్పు ఏడు రెట్లు ఎక్కువగా కనిపించింది. చదవడంలో ఇబ్బంది పడేవాళ్ళు కూడా ఎక్కువే. ఆ సంగతి 1990లో ప్రకటించారు. చిన్ననాడు పోయింది తిరిగి రాలేదన్నమాట. మన పెద్దలు మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. ఇక్కడ మొక్కగా వున్నప్పుడే వేరుకు తెగులు పట్టింది.

పసివాళ్ళకే ఎందుకింత నష్టం? మూడు కారణాలున్నాయి. మొదటిది, పాకే పిల్లల చెయ్యి నేల మీద, ఆ వెంటనే నోట్లో. రెండోది, పెద్దవాళ్ళు మింగిన సీసంలో పదో వంతు ఒంటికి పడితే, పసివాళ్ళకు సగం దాకా పడుతుంది. మూడోది, వాళ్ళ మెదడు అప్పుడే అల్లుకుంటున్న గూడు. నరానికీ నరానికీ మధ్య కబురు మోసే పనిలో కాల్షియానికి పెద్ద పాత్ర వుంది. కాల్షియం వేషం వేసుకున్న సీసం అక్కడ దూరి కబుర్లన్నీ తారుమారు చేస్తుంది. రక్తం తయారయ్యే చోట కూడా అడ్డుపడి రక్తహీనత తెస్తుంది.

మంచి పని చేసినవారికి పూలదండలే పడతాయనుకుంటాం. నీడిల్‌మన్‌కు మాత్రం రాళ్ళు పడ్డాయి. ఆయన లెక్కలు సీసం వ్యాపారానికి అడ్డు తగిలాయి. 1991లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆయన పరిశోధనలో మోసం చేశాడని ప్రభుత్వానికి ఫిర్యాదు పెట్టారు. ఆ ఇద్దరూ ఒక కోర్టు వ్యవహారంలో సీసం కంపెనీల తరఫున సాక్షులుగా నిలబడ్డవారే. ఆయన పనిచేసే పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం విచారణకు పూనుకుంది. తలుపులు మూసి కాదు, నలుగురి ముందు విచారించండి అని ఆయన పట్టుబట్టారు. 1992లో బహిరంగంగా విచారణ జరిగింది. మోసం ఏమీ లేదని తేలింది. పద్ధతి వివరించడంలో కొన్ని లోపాలున్నాయి గాని దురుద్దేశం లేదని తరువాత ప్రభుత్వ విచారణలో కూడా తేలింది. అప్పటికే వేరే దేశాల్లో, వేరే పరిశోధకులు చేసిన పరీక్షల్లో కూడా అవే ఫలితాలు వచ్చాయి. 2005లో కొన్ని దేశాలకు చెందిన 1,333 మంది పిల్లల లెక్కలు ఒకచోట చేర్చి చూశారు. సీసం చాలా తక్కువగా వున్న స్థాయిలోనే ఒక్కొక్క చుక్కకు నష్టం మరీ ఎక్కువని బయటపడింది. అందుకే, సీసానికి ఇంతవరకు ఫర్వాలేదు అనదగిన మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ మాటలకు ఫలం దక్కింది. అమెరికాలో 1960లలో డెసీలీటరు రక్తంలో, అంటే అరగ్లాసు రక్తంలో అనుకోండి, 60 మైక్రోగ్రాముల దాకా సీసం వున్నా ఫర్వాలేదనేవారు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షవ వంతు. ఆ గీతను 1971లో 40కి, 1975లో 30కి, 1985లో 25కి, 1991లో 10కి, 2012లో 5కి, 2021లో మూడున్నరకు దించుకుంటూ వచ్చారు. పెట్రోలులో సీసం మెల్లగా తగ్గించి చివరికి 1996లో రోడ్డు బండ్లకు పూర్తిగా నిషేధించారు. 1970ల చివరలో అక్కడ అయిదేళ్ళ లోపు పిల్లల రక్తంలో సుమారు 15 మైక్రోగ్రాములు వుండే సీసం, నలభై ఏళ్ళలో ఒకటి కన్న తక్కువకు దిగింది. ఎన్ని లక్షల మంది తల్లులు ఎన్నిసార్లు పిల్లల చేతులు కడిగినా ఈ పని జరిగేది కాదు. ఒక చట్టంతో జరిగింది. నీడిల్‌మన్ 2017లో, 89వ ఏట కన్నుమూసేనాటికి పెట్రోలులో సీసం కలిపే దేశాలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే మిగిలాయి. చివరిదైన అల్జీరియా 2021లో మానేసింది.

మరి మన సంగతి? మన దేశంలో 2000 సంవత్సరంలో పెట్రోలు నుంచి సీసాన్ని తీసేశారు. దానికి ముందు, 1990ల చివరలో బెంగుళూరు, హైదరాబాదు వంటి పెద్ద నగరాల్లో రక్తపరీక్షలు చేస్తే, పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో సగంమందికి 10 మైక్రోగ్రాములు దాటి సీసం వుంది. బెంగుళూరు సెంట్‌జాన్స్ వైద్య కళాశాలలో జీవరసాయన శాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ తుప్పిల్ వెంకటేశ్ గారు ఈ సంగతి మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఇళ్ళకు వేసే రంగుల్లో పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించి సీసం వుండకూడదనే నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది.

ఇంతటితో గండం గడిచిందా? లేదమ్మా. 2020లో యూనిసెఫ్ మరొక సంస్థతో కలిసి ఒక లెక్క వేసింది. ప్రపంచంలో 80 కోట్ల మంది పిల్లల రక్తంలో 5 మైక్రోగ్రాములో, అంతకన్న ఎక్కువో సీసం వుందని. అందులో సుమారు 27 కోట్ల 50 లక్షల మంది మన దేశపు పిల్లలే. పెట్రోలు పోయినా, పాత బ్యాటరీలు సందుల్లో పగలగొట్టి కరిగించడం పోలేదు. పాత గోడల రంగులు పోలేదు. వంటింట్లోకి, పూజగదిలోకి దూరిన సీసం పోలేదు.

2020 డిసెంబరులో ఏలూరులో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండేవుంటుంది. అయిదు వందల మందికి పైగా జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. తొలి పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. తరువాత పరీక్షలు చేసినవారు పురుగుమందుల వైపు వేలు చూపించారు. కారణం ఏదైనా, మనుషులు కళ్ళముందు పడిపోయారు గనుక దేశమంతా ఏలూరు వైపు చూసింది. చాప కింద నీరులా వచ్చే నష్టం వైపు ఎవరు చూస్తారు? ఎవరూ పడిపోరు. ఆస్పత్రి నిండదు. పిల్లవాడికి పదో ఎక్కం రాదు, అంతే. అందుకే దీన్ని చూడవలసిన కళ్ళు ఇంట్లో మనవే.

మొదట పసుపు సంగతి చెబుతాను. పసుపు మనకు మంగళప్రదం, మందు, కూరలో రుచి. దానిలో ఏ దోషమూ లేదు. దోషమంతా కొమ్ములు బంగారంలా మెరవాలనే మన మోజుది. ఆ మోజు కోసం కొందరు వ్యాపారులు లెడ్ క్రోమేట్ అనే పచ్చరంగు కొమ్ములకు పట్టిస్తారు. అందులో సీసం వుంటుంది. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదకు తడిసి పసుపు రంగు మాసిపోతే ఈ అలవాటు పుట్టిందని అక్కడివారే చెప్పారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నా ఫోర్సైత్ అనే పరిశోధకురాలూ, ఢాకాలోని శాస్త్రవేత్తలూ కలిసి గర్భిణుల రక్తంలోని సీసం ఎక్కడినుంచి వస్తోందని వెతుకుతూ పోతే, చివరికి జాడ పసుపు దగ్గర తేలింది. 2019లో ఆ సంగతి బయటపెట్టారు. ప్రభుత్వం కదిలింది. టోకు బజారులో దాడులు జరిగాయి, జరిమానాలు పడ్డాయి, ఊరూరా ప్రచారం చేశారు. 2019లో బజారు పసుపు నమూనాల్లో నూటికి 47 వాటిల్లో సీసం కనిపించింది. 2021కి ఒక్కదానిలోనూ కనిపించలేదు. రెండేళ్ళలో! మన దేశంలో కూడా కొన్ని ఊళ్ళ బజారు పసుపులో సీసం కనిపించింది. పాట్నా, గౌహతి, చెన్నై వాటిలో వున్నాయి.

కనుక మెరిసే కొమ్ములు చూసి మురిసిపోకండి. చేత్తో రుద్దితే పచ్చని పొడి అంటుకునేవాటిని పక్కన పెట్టండి. నిజమైన కొమ్ము కాస్త మాసినట్టు, గరుకుగా వుంటుంది. విడిగా అమ్మే పొడి కన్న, ఎక్కడిదో ఎవరు చేశారో ముద్ర వున్న పొట్లం మేలు. కంటితో చూసి సీసాన్ని తేల్చలేమన్నది మాత్రం మరవకండి. అందుకే కొట్టువాణ్ణి అడగడం అవసరం. పదిమంది అడిగితే వాడు టోకువాణ్ణి అడుగుతాడు.

ఇక కాటుక. ఆముదపు దీపం మసి పట్టి ఇంట్లో చేసుకున్న కాటుకలో సీసం వుండదు. బజారులో విడిగా అమ్మే సుర్మాల్లో కొన్ని సీసపురాయి నూరి చేసినవే. పసిపిల్లల కళ్ళకు అవి పెట్టకండి. పిల్ల కన్ను నులుముకుంటుంది, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. ఎర్రని సింధూరం పూర్వం నుంచీ సీసంతో చేసిందే. పసుపూ సున్నం కలిపి చేసిన కుంకుమకూ దానికీ చాలా తేడా వుంది. దేవుడికి పెట్టిన సింధూరం పసిపిల్లల నోటికి అందకుండా చూసుకుంటే చాలు, భక్తికి లోపమేమీ రాదు.

ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేటప్పుడు అసలైన తగరంతో వేయమనండి. చౌకకు కొందరు తగరంలో సీసం కలుపుతారు. చారూ పులుసూ పులుపు వంటకాలు గనుక ఆ సీసాన్ని త్వరగా లాగుతాయి. పిల్లల ఏడుపుకూ అరుగుదలకూ ఊరూ పేరూ లేని పొట్లాల మందు పెట్టకండి. నాగభస్మం అంటే సీసపు భస్మమే. వైద్యుడు ఏ మందు ఇచ్చినా అందులో ఏముందని అడిగే హక్కు తల్లికి వుంది.

పాత ఇంటికి రంగులు వేయిస్తున్నారా? పొడిగా గీకించకండి. తడిపి గీకమనండి. ఆ నాలుగు రోజులు చంటిపిల్లల్నీ, గర్భిణుల్నీ వేరేచోట వుంచండి. కిటికీ చట్రాల కింద పెచ్చులు రాలుతుంటే చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డ పెట్టి తుడవండి. ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ ఇంట్లోనే కూర్చుంటుంది. భర్తో, కొడుకో బ్యాటరీల పనో, రంగుల పనో, పాత లోహం కరిగించే పనో చేస్తుంటే, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోమనండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. పాడైన ఇన్వర్టరు బ్యాటరీని తూకానికి వీధి వ్యాపారికి అమ్మకుండా, కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. మీ ఇంటి బ్యాటరీ ఎవరి ఇంటి ముంగిట్లోనో పగలకూడదు.

పిల్లల్ని పరగడుపున బడికి పంపకండి. ఖాళీ కడుపులో సీసం ఎక్కువగా ఒంటికి పడుతుంది. ఇనుమూ కాల్షియమూ చాలని ఒళ్ళు సీసానికి తలుపు తెరిచి పెడుతుంది. తోటకూర, రాగులు, పాలు, పెరుగు, నువ్వులు, జామకాయ, ఉసిరికాయ పెడితే ఆ తలుపు కొంతైనా మూసుకుంటుంది. గర్భిణులు మరీ జాగ్రత్తపడాలి. తల్లి ఎముకల్లో చిన్ననాటి నుంచి దాగిన సీసం, బిడ్డకు కాల్షియం కావలసినప్పుడు దానితో పాటు రక్తంలోకి దిగి, మాయను దాటి బిడ్డకు చేరుతుంది. మట్టీ బలపాలూ తినాలనిపిస్తే దాచుకోకుండా డాక్టరుకు చెప్పండి. అది రక్తం తక్కువైందనే సూచన కావచ్చు. ఆ మట్టిలో సీసం కూడా వుండవచ్చు.

చదువులో వెనకబడ్డ ప్రతి పిల్లవాడికీ సీసమే కారణమని నేననడం లేదు. చూపు, వినికిడి, నిద్ర, తిండి, భయం, ఎన్నో కారణాలుంటాయి. అయితే ఇంటి పక్కన బ్యాటరీలు కరిగించే చోటున్నా, పిల్లవాడికి మట్టీ పెచ్చులూ తినే అలవాటున్నా, రక్తహీనత ఎంతకీ తగ్గకపోయినా, సీసం కోసం రక్తపరీక్ష చేయించాలా అని డాక్టరును అడగండి. పరీక్షలో ఎక్కువని తేలితే ముందు చేయవలసింది అది ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపడం. బాగా ఎక్కువైతే ఆస్పత్రిలో ఇచ్చే మందులున్నాయి. కాని పోయిన తెలివిని తిరిగి తెచ్చే మందు ఇంకా రాలేదు. రాకుండా ఆపడమే వైద్యం.

ఇందాక చెప్పిన ఫిలడెల్ఫియా తల్లి ప్రశ్నకు జవాబు ఒక ఇంట్లో దొరకలేదు. పెట్రోలు మారితే, రంగులు మారితే, చట్టం వస్తే దొరికింది. మన ఇంటిని మనం శుభ్రంగా వుంచుకుంటాం, మంచిదే. కాని పక్కసందులో సీసం కరుగుతుంటే ఆ గాలికి మన గుమ్మం అడ్డు కాదు. అందుకని మహిళామండలి కూడినప్పుడు ఈ సంగతి నలుగురిలో పెట్టండి. బడికి కొత్త రంగులు వేస్తుంటే సీసం లేని రంగులేనా అని హెడ్మాస్టరుగారిని అడగండి. పేటలో బ్యాటరీలు కరిగిస్తుంటే నలుగురు కలిసి మునిసిపాలిటీకీ, కాలుష్య నియంత్రణ మండలికీ అర్జీ రాయండి. పసుపు మీద అనుమానం వస్తే ఆహార కల్తీని పట్టే అధికారులకు నమూనా ఇవ్వండి.

మరొక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ సాయంత్రం పిల్లవాడు లెక్క తప్పు చేస్తే, మొద్దు అనే మాట నోటి దాకా వస్తే, ఒక్క క్షణం ఆగండి. ఆ మాటకు బదులు చేతులు కడిగించి, ఒక లోటా పాలు ఇచ్చి, పక్కన కూర్చుని ఆ లెక్క మళ్ళీ చెప్పండి.